నాదపేటిక వెనుక పలక

నాదమునకు ముందు నిశ్శబ్దమై యుండి, నాదము ముగిసిన పిదప వినువాని చెవిలో నిలిచియుండు పలుకులతల్లికి నమస్కరించి, విభవ నామ సంవత్సర మార్గశిర శుద్ధ దశమినాడు, కార్వాన్‌లోని నా యింట కూర్చుండి, ఈ నాలుగు మాటలు వ్రాయ మొదలిడుచున్నాను.

పద్దెనిమిదేళ్ళ క్రిందట, వసంతపంచమి సరస్వతీపూజ నాడు, ఏ సభలో నేను నాదపేటికను వాయించానో ఆ సభవారే ఇప్పుడు తమ వసంతపంచమి సంచిక కోసం దాని చరిత్ర వ్రాసి ఇమ్మన్నారు. పెట్టెను కూడ పంపితే వేదికపై నలుగురూ చూసేటట్లు ఉంచుతామన్నారు. ఆ పెట్టె చరిత్రగా వారికి తెలిసినది ఒకటి ఉన్నది. జరిగినది వేరు. జరిగినదే వ్రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ ఉండదు. ఒకరి పేరు చెరిపినవాడికి తక్కినవారి పేర్లు వ్రాసే అర్హత లేదని నా అభిప్రాయం. నా పేరంటారా, అది ఉండవలసిన దానికన్న ఒకచోట ఎక్కువగానే ఉన్నది.

మా నాన్నగారు పౌరాణికులు. నిఘంటువూ వ్యాకరణమూ కావ్యపాఠమూ నాకు ఆయన దగ్గరే అయినాయి. సంగీతంలో స్వరజ్ఞానం మాత్రం ఇచ్చి, "ఇది చాలు, అన్నం పెట్టే విద్య ఇంకొకటి చూసుకో" అన్నారు. చూసుకున్నాను. రేడియో మరమ్మతు నేర్చి, ఒక ప్రభుత్వ ఎలక్ట్రానిక్ పరికరాల కర్మాగారంలో పరీక్షాశాలలో చేరాను. అక్కడ పనిచేసే యంత్రాలలో కొన్ని, పరీక్ష కోసం సన్నని ధ్వనిని పుట్టించేవి. ఒకనాడు అటువంటివి రెండు ఒకేసారి మ్రోగుతూ, ఒకటి షడ్జమంలోనూ ఒకటి పంచమంలోనూ నిలిచాయి. నేను చేతిలోని కాగితాలు బల్లమీద పెట్టి, ఆ ధ్వనుల ముందు చాలాసేపు నిలబడిపోయాను. విద్యుత్తుతో రాగం పలికించవచ్చునన్న ఆలోచన నాకు అప్పుడే కలిగింది.

హార్మోనియం పెట్టెను మా నాన్నగారు వాద్యాలలో లెక్కించేవారు కారు. మెట్టుకూ మెట్టుకూ నడుమ గోడ కట్టిన వాద్యమనీ, అందులో గమకానికి చోటు లేదనీ అనేవారు. అయినా మెట్ల వరుస కోసం నాకు అదే కావలసి వచ్చింది. బేగంబజార్‌లో పాతసామాను అమ్మే ఒక వ్యాపారి దగ్గర లోపల చెదపట్టిన హార్మోనియం ఒకటి దొరికితే తెచ్చి, తోలుతిత్తీ రీడ్లూ తీసివేశాను. ముప్పై ఏడు మెట్లకు ముప్పై ఏడు చిన్న విద్యున్మండలాలు అల్లాను. ఒక్కొక్క స్వరాన్ని పైకీ క్రిందికీ జరపడానికి పెట్టె వెనుకవైపు ఒక్కొక్క మర పెట్టి, ఆ మరలన్నింటినీ ఒక టేకుపలకతో మూశాను. కుట్టుమిషను మీట ఒకటి తెచ్చి మోకాలి దగ్గర అమర్చాను. దానిని నొక్కితే స్వరం జారుతుంది. మా నాన్నగారు లేదన్న గమకం అది. ఏడాదిన్నర పట్టింది. టంకం పొగకు దగ్గుతూ నా భార్య ఒకసారి తలుపు దగ్గర నిలబడి విని, "ఇది పాడుతున్నదా, ఏడుస్తున్నదా?" అని అడిగింది. నాకు కూడ తెలియలేదు.

స్వరస్థానాలను నేను శాస్త్రప్రకారం లెక్కగట్టాను. ఇరవైరెండు శ్రుతుల భిన్నాలు కాగితం నిండా వేసి, కర్మాగారంలోని కొలమాన యంత్రంతో ఒక్కొక్క మరనూ అంత వరకే త్రిప్పాను. పరీక్షాశాలలో పెట్టె నిక్కచ్చిగా పలికేది. ఇంటికి తెచ్చి రేకుల కప్పు క్రింద పెట్టగానే ఒక్కొక్క స్వరం ఒక్కొక్క దారి పట్టేది. పరీక్షాశాల చల్లబరచిన గది అనీ, ట్రాన్సిస్టరు వేడికి లొంగుతుందనీ నాకు తెలియనివి కావు. అయినా శాస్త్రం చెప్పిన సంఖ్య వేడికి చలించదన్న భ్రమలో మూడు నెలలు గడిపాను. పుస్తకం మీద పెరిగినవాడు తప్ప ఇంకెవరూ ఇటువంటి పొరపాటు చేయరు.

చివరికి మెట్లలో రెండు బిగుసుకుపోతే, అఫ్జల్‌గంజ్‌లో హార్మోనియంలు బాగుచేసే ఒకాయన కొట్టుకు పెట్టెను తీసుకుపోయాను. ఆయన నాకన్న పదేళ్ళు పెద్ద. క్రైస్తవుడు. ప్రార్థనామందిరాల పెట్టెలూ, భజనమండలుల పెట్టెలూ, కవ్వాలీ పాడేవారి పెట్టెలూ అన్నీ ఆ కొట్టులో ఒకదానిమీద ఒకటి ఉండేవి. ఖాకీ చొక్కా, చెవిమీద పెన్సిలు. నా పెట్టె మూత ఎత్తి చూశాడు.

"ఏంది పంతులూ, కడుపు కోసి తెచ్చినవ్? రీడ్లు యాడ పోయినయ్?"

"రీడ్లు లేవన్నా. కరెంటుతోని పలుకుతది."

"కరెంటు పోతే?"

"మూగదే."

"మా దానికి కరెంటు పోయినా ఫికర్ లేదు. సరే, పలికియ్యి, ఇందాం."

వాయించాను. ఆయన కళ్ళు మూసుకొని విని, నా లెక్కల కాగితం అడిగి, తలక్రిందులుగా పట్టుకొని చూసి, తిరిగి ఇచ్చాడు. "లెక్క మంచిగనే ఉన్నట్టున్నది. సురే లేదు" అన్నాడు. ఆయన భాషలో సురు అంటే శ్రుతి.

ఆ మాటకు నాకు కోపం రావలసింది. రాలేదు, ఎందుకంటే మరుక్షణం ఆయన మరలు త్రిప్పే పేచ్‌కస్ తీసుకొని పెట్టె వెనుకకు వెళ్ళాడు. పెట్టెను అరగంట మ్రోగనిచ్చి, వేడెక్కనిచ్చి, అప్పుడు మొదలుపెట్టాడు. రెండు మెట్లు కలిపి పట్టమనేవాడు. శ్రుతి కలవని రెండు ధ్వనుల నడుమ ఒక అల లేచి పడుతూ ఉంటుంది. మర త్రిప్పినకొద్దీ ఆ అల నెమ్మదించి, నెమ్మదించి, నిలిచిపోతుంది. "ఆగిందా?" అని ఆయన అడిగేవాడు. ఆగిందనేవాణ్ణి. "ఇంక ఆగలే, ఇను" అనేవాడు. వింటే నిజంగానే సన్నగా ఇంకొక అల ఉండేది. సాయంకాలానికి ముప్పై ఏడు స్వరాలూ కుదిరాయి. ఆనాడు పలికిన గాంధారం వంటిది నేను అంతకుముందు తంబురా తీగమీద తప్ప వినలేదు.

పని ముగించి, చెవిమీది పెన్సిలు తీసి, వెనుక పలక లోపలివైపు తన పేరూ తేదీ వ్రాసి, ప్రక్కన చిన్న శిలువ గీశాడు. అదెందుకని అడిగాను.

"రేపు విప్పేటోనికి ఎరుక గావాలె గద, ఎవరు జేసిన్రు, ఎప్పుడు జేసిన్రు అని. తప్పుంటే నన్ను తిడతడు. మంచిగుంటే తల్సుకుంటడు. మా ఉస్తాదు చెప్పిండు, పేరు రాసే ధైర్యం లేకపోతే మర ముట్టకు అని."

అది సౌమ్య నామ సంవత్సర శ్రావణం. ఆ తరువాత ఏడాదిన్నరలో ఆయన మా ఇంటికి పదిసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా ఒక వరుస వ్రాశాడు. ఒకదాని క్రింద ఒకటి, పదకొండు వరుసలు, పదకొండు శిలువలు. ఆ పెట్టెకోసం నేను మూడు రచనలు చేశాను. వాటిలో బేగంబజార్ పాత్రల వీధిలో ఇత్తడి బిందెలమీద పడే సుత్తిదెబ్బలను స్వరాలుగా మార్చిన రచన ఆయనకు ఇష్టం. "గీ దెబ్బ జర ముందు వడ్డది, బిందె సొట్ట వోతది" అని నవ్వేవాడు. ఆయన చెప్పినచోటనే నేను దిద్దుకున్నాను. కొలమాన యంత్రాన్ని ఇంటికి తేవడం మానేశాను.

సాధారణ నామ సంవత్సర పుష్యంలో సభవారినుండి పిలుపు వచ్చింది. వసంతపంచమినాడు అమ్మవారి ముందు విద్వాంసులు వాయిస్తారు. వారి నడుమ నాకొక అరగంట. నచ్చితే ఏటేటా పిలుస్తారు. అధ్యక్షులు శాస్త్రం చదువుకున్న పెద్దలు, మా నాన్నగారిని ఎరిగినవారు. వారు ముందే చెప్పి పంపారు: పెట్టె లోపలి నిర్మాణమేమిటో విప్పి చూపవలసి ఉంటుందని.

పండుగకు మూడునాళ్ళ ముందు ఆయన వచ్చి శ్రుతి చేసి, పన్నెండవ వరుస వ్రాసి వెళ్ళాడు. "సబకు నేను గూడ వస్త పంతులూ. ఇంట్ల నీడ, ఆడ ఎండ. జారుతది" అన్నాడు. వెళ్ళేటప్పుడు పలకమీద చేయి వేసి, "మా కొట్ల ఉన్న పెట్టెలు అన్నీ భజనలకు, కవ్వాలీలకు పోయేవే. నా పేరు సబకు పోయేది ఇదే ఫస్టు" అన్నాడు. ఆ మాట విన్నాను. విని కూడ చేశాను.

పండుగ ముందునాటి మధ్యాహ్నం పలక విప్పి ముందు పెట్టుకున్నాను. రేపు పెద్దలు ఇది చూస్తారు. పన్నెండు శిలువలు చూస్తారు. పన్నెండుసార్లు హార్మోనియం మరమ్మతువాడు శ్రుతి చేశాడని చూస్తారు. శాస్త్రం లెక్కతో కట్టిన పెట్టె అని నేను వారికి వ్రాసి ఉన్నాను. మా నాన్నగారి కుమారుడు హార్మోనియం కొట్టులో శ్రుతి చేయించుకొన్నాడంటే ఏమనుకుంటారోనని భయపడ్డాను. ఈ భయాలలో ఏది ఎక్కువో అప్పుడు తూచుకోలేదు; ఇప్పుడు తూచినా ఒకదానికన్న ఒకటి తేలికైనదేమీ కాదు. గరుకుకాగితం తీసుకొని రుద్దాను. పెన్సిలు గీత అంత లోతుగా దిగి ఉంటుందనుకోలేదు. టేకుపొడి నా ఒడినిండా రాలింది. ఆ తెల్లబడిన చోట, ఇండియన్ ఇంకుతో, అమ్మవారి స్తుతీ నాదపేటికా నిర్మాతగా నా పేరూ వచ్చేటట్లు ఒక కందపద్యం వ్రాశాను. యతిస్థానం కుదరక రెండవ పాదాన్ని మూడుసార్లు మార్చినట్లు జ్ఞాపకం. అంత శ్రద్ధగా చేశాను ఆ పనిని.

వసంతపంచమి ఉదయం ఆయన ఉతికిన చొక్కా వేసుకొని వచ్చాడు. పెట్టెను రిక్షాలో ఒడిలో పెట్టుకొని కూర్చున్నది ఆయనే. పందిరి దగ్గర దిగాక, "ఎనక పలక తియ్యి, ఒక్కపారి జూస్త" అన్నాడు.

"వద్దన్నా. మంచిగనే ఉన్నది."

"ఎండ జూడు ఎట్ల కొడుతున్నదో."

"ఇప్పుడు ముట్టకు" అన్నాను. నా గొంతులో కటుత్వం నాకే వినిపించింది. ఆయన చేయి వెనుకకు తీసుకున్నాడు.

ఆ సమయానికే అధ్యక్షులు ఎదురువచ్చారు. పెట్టెను చూసి సంతోషించి, ప్రక్కనున్న మనిషిని చూసి, "వీరెవరు?" అని అడిగారు.

"పెట్టె మోసుకొచ్చిన మనిషండీ" అన్నాను.

"అలాగా. అదిగో, ఆ గుంజ దగ్గర కూర్చోమనండి" అన్నారు. చెప్పులు విడిచే చోటు అది. ఆయన నావైపు ఒకసారి చూసి, వెళ్ళి కూర్చున్నాడు.

అమ్మవారికి నమస్కరించి మోహన రాగం ఎత్తుకున్నాను. పందిరి కప్పులో రెండు గుడ్డల నడుమ సందు ఉన్నది; అందులోనుండి ఎండ పెట్టెమీద పడుతున్నది. పది నిమిషాలకు గాంధారం జారింది. ఆ వెనుకనే పంచమం. ముందు వరుసలో ఒక విద్వాంసులు కనుబొమలు ముడిచారు. మోకాలి మీటతో సర్దబోతే తక్కిన స్వరాలు కూడ జారాయి. వ్రేళ్ళు మెట్లమీద ఉన్నాయిగాని, ఏ మెట్టు నొక్కాలో తెలియని స్థితి. తల ఎత్తి గుంజవైపు చూశాను. ఆయన అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు.

వేదిక ఎక్కాడు. అధ్యక్షులు కూర్చున్నచోటినుండే, "ఏమయ్యా, ఎక్కడికి?" అన్నారు.

"పెట్టె ఒంగింది సార్, సరిజేస్తున్న" అన్నాడు. ఎవరో నవ్వారు.

పెట్టె వెనుక మోకాళ్ళమీద కూర్చొని పలక ఊడదీశాడు. అక్కడ ఆయన చేయి ఆగింది. బొటనవ్రేలితో ఆ రుద్దినచోటును ఒకసారి తడిమాడు. పద్యం చదవగలిగినంత తెలుగు ఆయనకు వచ్చు. నా పేరు చదవడానికి అంత కూడ అక్కరలేదు. తల ఎత్తకుండానే, నాకు మాత్రమే వినిపించేటట్లు, "గిది ఎవరు గీకిన్రు?" అని అడిగాడు.

నేను మెట్లవైపు తల వంచుకున్నాను.

పలకను వెల్లకిలా నేలమీద పెట్టి, జేబులోనుండి పేచ్‌కస్ తీసి, "స పట్టు. ఇడువకు" అన్నాడు.

షడ్జమం పట్టాను. అల లేచింది, నెమ్మదించింది, ఆగింది. "రి." పట్టాను. "గ. స తోని కలిపి పట్టు." ఒక్కొక్క స్వరం వంకరగా వచ్చి, వెతుక్కుంటూ వెతుక్కుంటూ, తన స్థానంలో నిలుస్తున్నది. శ్రోతలు అది ఆలాపన అనుకున్నారు. మంద్ర స్థాయినుండి తార స్థాయివరకు మోహనానికి కావలసిన మరలన్నీ ఆయన ఆ విధంగా సరిచేసేవరకు, నేను ఆయన చెప్పిన మెట్టు నొక్కడం తప్ప ఏమీ చేయలేదు. ఆయన పలక బిగించి దిగి వెళ్ళాక తక్కినది నేను వాయించాను. అది సామాన్యంగా ఉన్నది.

చివర అధ్యక్షులు శాలువ కప్పి మాట్లాడారు. స్వరం తన చోటును తానే అన్వేషించుకొని వచ్చినట్లుండిన ఆ ఆలాపన శాస్త్రజ్ఞానం లేనివాడికి సాధ్యం కాదన్నారు. పలకను విప్పించి చూసి, పద్యాన్ని బిగ్గరగా చదివి వినిపించారు. రెండవ పాదంలోని యతిని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఒక్క వాక్యం చాలు అప్పుడు. "శ్రుతి చేసినవారు అదిగో, అక్కడ ఉన్నారు" అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను చేతులు జోడించి నిలబడ్డాను.

బయటకు వచ్చేసరికి ఆయన తలగుడ్డ చుట్టి, పెట్టెను నెత్తిమీదికి ఎత్తుకుంటున్నాడు. నేను సాయం పట్టబోయాను.

"ఉండనియ్యి పంతులూ. మోసేటోణ్ణే గద."

రిక్షాలు నిలిచేచోటు ఆ వీధి చివర. అక్కడివరకు ఆయన నెత్తిమీద పెట్టెతో ముందు నడిచాడు. నేను శాలువతో వెనుక నడిచాను. ఎదురైనవారు నాకు నమస్కారాలు పెట్టారు.

పదిహేను రోజులు నేను అఫ్జల్‌గంజ్ దారిన పోలేదు. చివరికి పెట్టెను తీసుకొని కొట్టుకు వెళ్ళాను. ఆయన ఒక రీడును ఆకురాయితో రాస్తున్నాడు.

"రా పంతులూ. శాలువ మంచిగున్నదా? ఉన్నిదేనా?"

"అన్నా, తప్పైంది. గీకింది నేనే."

"ఎరుకే."

"మళ్ళ రాయి. పద్యం మొత్తం తీసేస్త. పన్నెండు వరుసలూ రాయి."

ఆయన ఆకురాయి ప్రక్కన పెట్టాడు. "ఉత్తగ రాయరు. సురు జేసిన రోజే రాస్తరు. సురు జేద్దామంటే ఈ పెట్టె నేను ముట్టరాదు."

"ఎందుకన్నా?"

"పేరు గీకిన పెట్టె మా పనిల దొంగ పెట్టె కింద లెక్క. ఎత్కపోయినోడు ఫస్టు గీకేది పేరే. గీకిన జాగ కండ్ల పడ్డదంటె మూత పెట్టి వాపస్ ఇచ్చుడే. నేనొక్కణ్ణే గాదు, ఈ ఊర్ల మా పని జేసేటోడు ఎవడూ ముట్టడు."

"ఆ పేరు నీదే గద."

"నాదే. గందుకే ముట్టను."

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే నాకు కొంత సులువుగా ఉండేది. నేను లేవబోతుంటే మళ్ళీ పిలిచి, "పద్యం గిట్ల గీకకు. గీకిన జాగల మల్ల గీకితే పలక పల్చనైతది, ఎండకు పగుల్తది. ఉండనియ్యి" అన్నాడు. అప్పుడు కూడ ఆయన ఆలోచన పెట్టె గురించే. టీ చెప్పాడు. తాగాను. ఆ తరువాత కొన్నిసార్లు వెళ్ళాను. టీ ఇచ్చేవాడు, యోగక్షేమాలు అడిగేవాడు, పెట్టె మాట ఎత్తేవాడు కాడు.

నేను ఇంకా రెండు పెట్టెలు నిర్మించాను. నాటకాలకు ధ్వనులు సమకూర్చాను. సభవారు ఏడేళ్ళు వరుసగా పిలిచారు. కర్మాగారంనుండి కొలమాన యంత్రాన్ని మళ్ళీ తెచ్చుకొని, చల్లని వేళలో శ్రుతి చేసుకొని, ఎండ లేనిచోట మాత్రమే వాయించాను. ఆనాటి ఆలాపన మళ్ళీ వినిపించమని ప్రతిసారీ ఎవరో ఒకరు అడిగేవారు. ఈనాడు మనసు కుదరలేదని చెప్పేవాణ్ణి. లెక్క ఎప్పుడూ సరిగానే ఉండేది.

ఆయన పింగళ నామ సంవత్సర ఆషాఢంలో పోయాడు. నాకు భాద్రపదంలో తెలిసింది, కొట్టులో వేరే బేరం చూసి అడిగితే. ఆయన పేరు ఇక్కడ వ్రాద్దామని కలం ఎత్తి మూడుసార్లు దించాను. శ్రుతి చేసిననాడే వ్రాయాలన్నది ఆయన నియమం. ఆయన లేకుండా ఆ నియమాన్ని తప్పించే అధికారం నాకు లేదు. అందుచేత పేరు చెప్పకుండా పని మాత్రం చెబుతున్నాను: ఆ వసంతపంచమినాడు మీరు విన్న ఆలాపన ఆయనది. వేదికమీద పెట్టెను ఉంచేటట్లయితే, పద్యం పైకి కనబడకుండా పలకను లోపలివైపు త్రిప్పి ఉంచవలసిందని మనవి.

తరువాత చేర్చిన మాట: ఈ వ్యాసాన్నీ పెట్టెనూ 1989 జనవరిలో సభవారికి పంపాను. ఫిబ్రవరిలో సంచిక వచ్చింది. అందులో ఈ వ్యాసం లేదు. పలకమీది పద్యం ఫొటో తీసి, నా పేరుతో ఒక పూర్తి పుటలో అచ్చువేశారు. ఏప్రిల్‌లో పెట్టె ఇంటికి తిరిగి వచ్చింది. పలకకు కొత్తగా వార్నిష్ వేయించి పంపారు.